పవర్ తక్కువైంది సరే, ఎక్కడ తక్కువైంది?

రోజూ పొద్దున ప్లేనోలో డాలస్ నార్త్ టోల్‌వే ర్యాంప్ ఎక్కుతాను. పైన మెయిన్ లేన్లలో బళ్లు 70 మైళ్ల వేగంతో పోతుంటాయి. ర్యాంప్ అయిపోయేలోగా మనమూ ఆ వేగం అందుకోవాలి. నా కారు 2013 సుబారు బీఆర్‌జెడ్. రెండు తలుపులు, మాన్యువల్ గేర్లు, వెనక చక్రాలకు పవర్, కాగితం మీద 200 హెచ్‌పీ. థర్డ్ గేర్‌లో 3,500 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే శబ్దం పెరుగుతుంది గానీ బండిలో ఊపు రాదు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. 4,500 దాటాక ఉన్నట్టుండి పట్టు వదిలేసినట్టు ముందుకు దూకుతుంది. అక్కడి నుంచి 7,400 దాకా పాట పాడుతుంది.

ఈ కారే టయోటా 86. అమెరికాలో 2016 దాకా సయాన్ ఎఫ్‌ఆర్‌ఎస్ పేరుతో అమ్మారు. జపాన్‌లోని సుబారు ఫ్యాక్టరీలో పుట్టిన అన్నదమ్ములే అవన్నీ. 2012లో వచ్చినప్పటి నుంచి ఇది కొన్నవాళ్లు చెప్పే కంప్లయింట్ ఒక్కటే, పవర్ చాలదు. నా దగ్గరా స్నేహితులు అదే మొదలుపెట్టారు. “అన్నా, టర్బో వేయించు.” “స్టేజ్ టూ చేయించు, 40 హెచ్‌పీ వస్తుంది.” నేనూ రెండేళ్లు అదే ఆలోచనలో ఉన్నాను. ధరలు చూశాను, డైనో (పవర్ కొలిచే యంత్రం) గ్రాఫులు చూశాను. ఆ తర్వాత ఒక వారం పాటు కారు కంప్యూటర్ అంకెలు చదివే చిన్న ఓబీడీ రీడర్ పెట్టి, ఆఫీసుకు పోయివచ్చే దారంతా ఆర్‌పీఎమ్, థ్రాటిల్ (గాలి వాల్వ్ ఎంత తెరుచుకుందో), ఆయిల్ వేడి రికార్డు చేశాను. ఐదు రోజుల్లో ఇంజిన్ 6,000 దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా టైమంతా 2,000కు, 4,500కు మధ్యే. 200 హెచ్‌పీ అని రాసి ఉన్నది 7,000 దగ్గర దొరికే అంకె. దాన్ని 240 చేసినా, 280 చేసినా నేను అక్కడికి వెళ్లేదే లేదు.

పవర్ పెంచాలనుకునేవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న “ఎంత?” అని అనుకుంటారు. రోజూ నడిపే కారుకు మాత్రం “ఎక్కడ?” అన్నదే ముందు రావాలి.

హెచ్‌పీ, టార్క్: ఒకే లెక్కలో రెండు అంకెలు

టార్క్ అంటే ఇంజిన్ షాఫ్ట్‌ను తిప్పే బలం. పవర్ అంటే ఆ బలంతో నిమిషానికి ఎన్నిసార్లు తిప్పుతోందో కలుపుకున్న లెక్క. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎమ్‌తో హెచ్చించి 7,121తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. నా ఇంజిన్ గరిష్ఠ టార్క్ 205 న్యూటన్ మీటర్లు. అది దొరికేది 6,400 – 6,600 మధ్య. అంటే బలం కూడా పైనే ఉంది, వేగం కూడా పైనే ఉంది.

ఇప్పుడు ర్యాంప్ మీది లెక్క చూద్దాం. 3,700 దగ్గర ఈ ఇంజిన్‌కు పూర్తి 205 దొరుకుతుందని ఉదారంగా అనుకుందాం. 205ను 3,700తో హెచ్చించి 7,121తో భాగిస్తే 106 హెచ్‌పీ. నిజానికి అక్కడ అంత కూడా లేదు. సుమారు 3,000 నుంచి 4,500 వరకు ఈ ఇంజిన్ టార్క్ గీత గొయ్యిలా కిందికి దిగుతుంది. కాబట్టి 200 హెచ్‌పీ కారు నడుపుతున్నానని నేననుకుంటున్న క్షణంలో నా కాలి కింద ఉన్నది అందులో సగం.

ఆ గొయ్యి ఎందుకుందో చెప్పుకోవాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా పైపులోకి ఒక పీడన తరంగం పరుగెడుతుంది. పైపులు కలిసే చోట తగిలి, లాగే తరంగంగా మారి వెనక్కి వస్తుంది. అది సరైన క్షణంలో సిలిండర్ దగ్గరికి చేరితే కాలిన వాయువును బయటికి లాగి, కొత్త గాలికి దారి ఇస్తుంది. ఉయ్యాల వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో తోస్తే ఎత్తుకు పోతుంది, ఇంకా వస్తుండగానే తోస్తే ఆగిపోతుంది కదా, ఇదీ అంతే. పైపు పొడవు మారదు, తరంగం వేగం పెద్దగా మారదు, మారేది ఆర్‌పీఎమ్ ఒక్కటే. అందుకే ఒక ఆర్‌పీఎమ్ దగ్గర సాయపడిన తరంగమే మరో చోట అడ్డుపడుతుంది. ఇన్‌టేక్ వైపు కూడా ఇదే కథ. 7,000 దగ్గర బాగా ఊపిరి తీసుకునేలా అమర్చిన ఇంజిన్ మధ్యలో ఎక్కడో ఒక చోట మూల్యం చెల్లిస్తుంది. ఇంజనీర్లకు అది తెలియక కాదు, తెలిసే ఎంచుకున్నారు. చీఫ్ ఇంజనీర్ తెత్సుయా తాదా ఈ కారుకు టర్బో వద్దు, నాలుగు చక్రాల డ్రైవ్ వద్దు, నేలను కరిచిపట్టుకునే టైర్లు వద్దు అని మొదటే తీర్మానించుకున్నారు. తేలిగ్గా ఉండాలి, నడిపేవాడి చేతిలో ఆడాలి అన్నదే ఆయన పట్టు. 1,250 కిలోల బరువుతో అది సాధించారు కూడా. ఈ కారును నేను ప్రేమించేది అందుకే. దాని మీద చేయి వేసేముందు దాన్ని చేసినవాళ్లు ఏం అనుకున్నారో తెలుసుకోవడం మన బాధ్యత అని నా నమ్మకం.

గాలి ఎంతో పవర్ అంత

ఇంజిన్‌ను ఒక గాలి పంపు అనుకోండి. పెట్రోల్ ఎంతైనా పోయొచ్చు, దాన్ని కాల్చడానికి గాలి కావాలి. రెండు లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి రెండు లీటర్ల గాలి మింగుతుంది. 7,000 దగ్గర నిమిషానికి 7,000 లీటర్లు, అంటే సుమారు ఎనిమిది కిలోల గాలి. మామూలు ఇంజిన్లో పవర్ పెంచడానికి దారులు మూడే. ఒకసారికి ఎక్కువ గాలి నింపాలి, లేదా ఎక్కువసార్లు నింపాలి, లేదా నింపినదాన్ని ఇంకా బాగా కాల్చాలి.

ఈ ఎఫ్‌ఏ20 ఇంజిన్ లీటరుకు 100 హెచ్‌పీ ఇస్తోంది. టర్బో లేకుండా, వారంటీతో, వెయ్యి డాలర్ల మెయింటెనెన్స్ అడగకుండా అమ్మే కారుకు అది చాలా ఎక్కువ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో, 12.5కు 1. పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి ఒక ఇంజెక్టర్, ఇన్‌టేక్ పోర్టులోకి మరో ఇంజెక్టర్. ఫ్యాక్టరీవాళ్లు పిండగలిగినంతా పిండేశారు. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే, వెనక సైలెన్సర్ మారిస్తే వచ్చేదంతా శబ్దం. పవర్ మాత్రం డైనో మీద ఒక రన్‌కు మరో రన్‌కు వచ్చే తేడాలో కలిసిపోతుంది.

డైనో అన్నాను కాబట్టి ఒక మాట. 200 అన్నది ఇంజిన్ షాఫ్ట్ దగ్గరి అంకె. చక్రాల దగ్గర కొలిస్తే ఈ కారు సాధారణంగా 165 – 170 చూపిస్తుంది, మధ్యలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (చక్రాలకు పవర్ పంచే గేర్లు), టైర్లు తమ వాటా తీసుకుంటాయి. ఒక్కో కంపెనీ డైనో ఒక్కోలా కొలుస్తుంది. కాబట్టి ఇంటర్నెట్‌లో ఎవరిదో 230, మీది 210 అని బాధపడటం అనవసరం. ఒకే డైనో, ఒకే రోజు, పని చేయించకముందు ఒకటి, తర్వాత ఒకటి. ఆ రెండు గీతల మధ్య తేడాకే విలువుంది. అది కూడా కొనలో చూడకండి, 3,000కు 5,000కు మధ్య చూడండి.

అలాగే “స్టేజ్ వన్, స్టేజ్ టూ” అన్న మాటలకు ఎక్కడా ఒప్పుకున్న అర్థం లేదు. ఒక షాపులో స్టేజ్ వన్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లెక్కలు మార్చే ట్యూన్ ఒక్కటే, మరో షాపులో దానికి ఎగ్జాస్ట్ కూడా కలుస్తుంది. మీకు అమ్ముతున్నది ఏ పార్టులో, ఏ ట్యూనో విడివిడిగా అడిగి తెలుసుకోండి.

గొయ్యి పూడ్చే నిజమైన బోల్ట్-ఆన్ పార్టు ఒకటుంది, హెడర్. సిలిండర్ల నుంచి ఎగ్జాస్ట్‌ను పోగుచేసే ఆ పైపుల పొడవులు మార్చి, దానికి తగ్గట్టు ఈసీయూ ట్యూన్ చేస్తే ఆ మధ్య గీత గట్టిగా పైకి లేస్తుంది. నడిపి చూశాను, తేడా కాలికి తెలుస్తుంది. చిక్కేమిటంటే ఈ కారులో పొగలోని విషవాయువులను శుద్ధి చేసే మొదటి కెటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) ఆ హెడర్‌లోనే ఉంది. మార్కెట్లో బాగా పవర్ ఇచ్చేవి చాలావరకు ఆ క్యాట్ తీసేసినవే. అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం కింద రోడ్డు మీద తిరిగే కారు నుంచి దాన్ని తీసేయడం చట్టవిరుద్ధం. టెక్సాస్‌లో 2025 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ, మా కాలిన్ కౌంటీతో సహా కొన్ని కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష అలాగే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, క్యాట్ లేని కారు వెనక సిగ్నల్ దగ్గర ఆగిన మనిషి పీల్చేదేమిటో నాకు తెలుసు. పిల్లల్ని స్కూల్లో దింపే లైన్లో అలాంటి కారుతో నిలబడలేను.

టర్బోనా, సూపర్‌చార్జరా

గాలిని బలవంతంగా నూకడం అసలైన దారి. సాధారణ గాలి పీడనం మీద ఇంకో 0.5 బార్ (దీన్నే బూస్ట్ అంటారు) కలిపితే ఇంజిన్‌లోకి సుమారు ఒకటిన్నర రెట్లు గాలి వెళ్తుంది. 200 హెచ్‌పీ 300 అవ్వాలి. కాదు, ఎందుకంటే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొసను ముట్టుకుంటే తెలిసే సంగతే. 30 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్లు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం కూడా లెక్కలోకి తీసుకుంటే, సుమారు 85 డిగ్రీలవుతుంది. వేడి గాలి పలచన. అంతకంటే పెద్ద సమస్య నాకింగ్.

స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా పాకేలోపు, మూలనున్న మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే పేలడమే నాకింగ్. సుత్తితో కొట్టినట్టు పిస్టన్ మీద దెబ్బ పడుతుంది. ఈసీయూ అది విని స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ తగ్గుతుంది. 12.5 నిష్పత్తితో ఇప్పటికే అంచున ఉన్న ఇంజిన్‌కు బూస్ట్ ఇవ్వడమంటే ఆ అంచు మీద ఇంకో అడుగు వేయడం. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉండాలి, పెట్రోల్ మంచిదవ్వాలి, ట్యూన్ చేసే మనిషి ఇంకా మంచివాడవ్వాలి.

సరే, మూడు రకాల యంత్రాలున్నాయి. రోజూ నడిపేవాడి కోణంలో ఈ మూడూ పూర్తిగా వేరు.

సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ చూడ్డానికి టర్బోలా ఉంటుంది గానీ బెల్ట్‌తో తిరుగుతుంది. ఈ కార్లకు రోట్రెక్స్ రకం బాగా వేస్తారు. నమ్మకమైనది, ఇంజిన్ ఆయిల్‌తో పని లేదు, ట్యూన్ సులువు. కానీ దాని బూస్ట్ దాదాపు ఆర్‌పీఎమ్ వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 7,000 దగ్గర 0.5 బార్ ఇస్తే 3,500 దగ్గర ఇచ్చేది అందులో నాలుగో వంతు, 0.12 బార్. గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది, శిఖరం మాత్రం పెరుగుతుంది. రేస్ ట్రాక్ మీద ఎప్పుడూ 5,000 పైనే తిరిగేవాడికి ఇది బంగారం. నా ర్యాంప్‌కు దాని ఉపయోగం తక్కువ.

రెండోది పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ సూపర్‌చార్జర్. లోపల రెండు రోటర్లు ఒకదాన్నొకటి పెనవేసుకుని తిరుగుతూ, చుట్టుకు ఇంత అని లెక్కగా గాలి నూకుతాయి. ఆర్‌పీఎమ్ తక్కువున్నా బూస్ట్ ఉంటుంది. 2,500 నుంచే ఇంజిన్ సైజు పెరిగినట్టుంటుంది. రోజూ నడపడానికి దీన్ని మించిన అనుభవం లేదని నా అభిప్రాయం. లోపమేమిటంటే ఇంజిన్ పైనే కూర్చుంటుంది కాబట్టి ఆగస్టులో మా డాలస్ ట్రాఫిక్‌లో, బయట 40 డిగ్రీలున్నప్పుడు, ఆ లోహమంతా వేడి పట్టేస్తుంది. అరగంట ఈడ్చుకుంటూ వచ్చి తొక్కిన మొదటి సారి ఈసీయూ స్పార్క్ వెనక్కి లాగేస్తుంది. డైనో మీద పెద్ద ఫ్యాన్ ముందు చూసిన అంకె అప్పుడు దొరకదు.

మూడోది టర్బో. వృథాగా పోయే ఎగ్జాస్ట్ శక్తితో తిరుగుతుంది, డాలరుకు ఎక్కువ పవర్ దీంతోనే. చిన్న టర్బో వేస్తే 3,000 – 3,500కే పూర్తి బూస్ట్ వచ్చి గొయ్యిని పూడ్చడమే కాదు, దాని మీద కొండ కడుతుంది. ఆ కొండే ప్రమాదం. ఎఫ్‌ఏ20లో ముందు లొంగేది పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లేనని ఈ ఇంజిన్లు విప్పే ట్యూనర్లంతా చెబుతారు. రాడ్‌ను వంచేది సిలిండర్‌లోని పీడనం, అంటే టార్క్. తక్కువ ఆర్‌పీఎమ్‌లో పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆ పీడనం ఎక్కువసేపు నిలబడుతుంది, మిశ్రమం తనంతట తాను పేలడానికి కూడా ఎక్కువ సమయం దొరుకుతుంది. అందుకే 7,000 దగ్గర 280 హెచ్‌పీని నిశ్చింతగా మోసే ఇంజిన్, 3,200 దగ్గర ఉన్నట్టుండి వచ్చిన టార్క్‌కు పగిలిపోవచ్చు. బుద్ధిమంతుడైన ట్యూనర్ చేసేదేమిటంటే 4,000 దాకా బూస్ట్‌ను నెమ్మదిగా ఎక్కిస్తాడు. మీరు షాపుకు వెళ్లి “కింద నుంచే గట్టిగా తన్నాలి” అని అడిగితే, చేయనని చెప్పేవాడి దగ్గరే చేయించుకోండి.

పెట్రోల్ సంగతి

ఇక్కడ మనవాళ్లు బాగా తికమకపడే విషయం ఒకటుంది. కాలిఫోర్నియా బంకులో 91 అని రాసి ఉంటుంది, ఇండియాలో మామూలు పెట్రోల్‌ను కూడా చాలాకాలం 91 అనేవారు. రెండూ ఒకటి కావు. అమెరికా పంపు మీద ఉండేది రెండు పద్ధతుల పరీక్షల సగటు, ఇండియాలో చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ ఒక్కటే, అది ఎప్పుడూ ఎక్కువ అంకె చూపిస్తుంది. అమెరికా 91 అంటే ఇండియా లెక్కలో 95 – 96. మాకు టెక్సాస్‌లో దొరికే 93 సుమారు 98. ఒక చోట డైనో గ్రాఫ్ చూసి ఇంకో చోట అదే ట్యూన్ ఎక్కిస్తే ఇంజిన్‌తో జూదమాడినట్టే.

ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనం ఈ85 గురించి చాలామంది మురిసిపోతారు, మురిసిపోవడంలో న్యాయముంది. ఇథనాల్ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. నా ఇంజిన్‌లాంటి ఎక్కువ కంప్రెషన్ ఇంజిన్‌కు బూస్ట్ లేకుండానే దాంతో మంచి టార్క్ వస్తుంది, గొయ్యి కూడా కొంత పూడుతుంది. కానీ అదే గాలికి నాలుగో వంతుకు పైగా ఎక్కువ ఇంధనం కావాలి, ట్యాంకు 13.2 గ్యాలన్లే. ఇంకో సంగతి, ఈ85 పేరులో 85 ఉన్నా అమెరికాలో దాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఏదైనా ఉండొచ్చు, చలికాలంలో తగ్గిస్తారు. రోజూ నడిపేవాడు ఇథనాల్ శాతాన్ని కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ లేకుండా ఇందులోకి దిగకూడదు. జులైలో చేసిన ట్యూన్ జనవరిలో వేరే ఇంధనం మీద నడుస్తుంది.

వేడి ఎక్కడికి పోతుంది

పెట్రోల్‌లోని శక్తిలో స్థూలంగా మూడో వంతు చక్రాలకు, మూడో వంతు ఎగ్జాస్ట్‌కు, మూడో వంతు కూలెంట్‌కు, ఆయిల్‌కు పోతుంది. అంటే 100 హెచ్‌పీ కలిపితే ఇంకో 100 హెచ్‌పీ అంత వేడి, 75 కిలోవాట్లు, రేడియేటర్ మోయాలి. ఇళ్లలో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు 37 పెట్టినట్టు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ ఐదారు సెకన్లు, ఆ తర్వాత స్పీడ్ లిమిట్. హైవే మీద 65 మైళ్ల వేగంతో సాఫీగా పోవడానికి ఈ కారుకు కావాల్సింది 20 హెచ్‌పీ కంటే తక్కువ. కాబట్టి రోజువారీ కారులో కొత్త వేడి నిరంతరం ఉండదు, విడతలు విడతలుగా వస్తుంది. రేస్ ట్రాక్ మీద నడిపే ట్రాక్ డేకు వెళ్తే మాత్రం మొత్తం కథ మారుతుంది, 20 నిమిషాలు ఆగకుండా.

దీనివల్ల ఆయిల్ కూలర్ వేయించేవాళ్లు ఒక తప్పు చేస్తుంటారు. థర్మోస్టాట్ లేని కూలర్ పెడితే చలికాలంలో ఆఫీసు దూరానికి ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఆయిల్‌లో నీరు, పెట్రోల్ చేరి మిగిలిపోతాయి. ఎండాకాలం కోసం పెట్టింది చలికాలంలో ఇంజిన్‌ను తినేస్తుంది. వంద డాలర్లు ఎక్కువైనా థర్మోస్టాట్ ఉన్నదే తీసుకోండి.

క్లచ్ గురించి క్లుప్తంగా. బూస్ట్ పెడితే ఫ్యాక్టరీ క్లచ్ జారడం ఖాయమనుకుని దాని డబ్బు కూడా పక్కన పెట్టుకోండి. మరీ గట్టి క్లచ్ వేస్తే ట్రాఫిక్‌లో ఎడమ మోకాలు రోజూ గుర్తుచేస్తుంది. బ్రేకుల విషయంలో లెక్క సులువు. గంటకు 100 కిలోమీటర్ల నుంచి ఆగడం కంటే 120 నుంచి ఆగడానికి 44 శాతం ఎక్కువ శక్తి కరిగించాలి. పవర్ పెరిగిన కారు అదే ర్యాంప్ చివర ఎక్కువ వేగంతో ఉంటుంది, కాబట్టి మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ ముందు, పవర్ తర్వాత.

టైర్లు ఇంకో సంగతి. కొత్తలో ఈ కారుకు ఫ్యాక్టరీ వేసినవి 215 వెడల్పు మిషెలిన్ ప్రైమసీలు. టయోటా ప్రియస్‌కు కూడా ఆ రకమే ఇచ్చేవారు. వాటి మీద 280 హెచ్‌పీ పెట్టి వానలో సెకండ్ గేర్‌లో తొక్కడం ఎవరికీ చెప్పను.

కంపెనీ ఏం చేసిందో చూడండి

నాకు ఈ మొత్తం వ్యవహారంలో కళ్లు తెరిపించింది సుబారు, టయోటా తమ కారునే ఎలా దిద్దుకున్నాయన్నది. 2017లో మాన్యువల్ కార్లకు ఇంజిన్‌లో చిన్న మార్పులు చేసి 205 హెచ్‌పీకి తెచ్చారు. ఐదు హెచ్‌పీ ఎవరికీ తెలియదు. దాంతోపాటు వెనక డిఫరెన్షియల్‌లో ఫైనల్ డ్రైవ్ నిష్పత్తిని 4.1 నుంచి 4.3కు మార్చారు, అది మాత్రం తెలుస్తుంది. గేర్లు ఇంజిన్ టార్క్‌ను హెచ్చించి చక్రాలకు ఇస్తాయి. ఈ ఒక్క మార్పుతో ప్రతి గేర్‌లో, ప్రతి ఆర్‌పీఎమ్ దగ్గర చక్రాల మీద తోపు దాదాపు 5 శాతం పెరిగింది. వేడి పెరగలేదు, రాడ్ల మీద భారం పెరగలేదు, పొగ పెరగలేదు.

2022లో కొత్త తరం వచ్చినప్పుడు లోకమంతా టర్బో కోసం ఎదురుచూసింది. వాళ్లు బోర్‌ను (సిలిండర్ వ్యాసాన్ని) 86 మిల్లీమీటర్ల నుంచి 94కు పెంచి ఇంజిన్‌ను 2.4 లీటర్లు చేశారు, అంతే. గరిష్ఠ పవర్ 228, అంటే మొదటి 200 మీద పెరిగింది 14 శాతం. కానీ గరిష్ఠ టార్క్ 249 న్యూటన్ మీటర్లు 3,700 దగ్గరే దొరుకుతోంది. మళ్లీ అదే లెక్క వేయండి. 249ను 3,700తో హెచ్చించి 7,121తో భాగిస్తే 129 హెచ్‌పీ. పాత ఇంజిన్‌కు అక్కడ ఉదారంగా వేసిన లెక్కలోనే 106. పదేళ్ల కంప్లయింట్లకు కంపెనీ ఇచ్చిన జవాబు శిఖరం దగ్గర లేదు, సరిగ్గా ఆ గొయ్యి దగ్గరుంది.

చట్టం, వారంటీ, ఇన్సూరెన్స్

కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ఇంజిన్ మీద వేసే పార్టుకు ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉండాలి. 2021 జులై నుంచి స్మాగ్ చెక్ అనే పొగ పరీక్షలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు, అనుమతి లేని ట్యూన్ ఉంటే ఫెయిల్. ఈ కారుకు ఆ నంబర్‌తో దొరికే సూపర్‌చార్జర్ కిట్లు ఉన్నాయి, వాటి కోసమే వెతకండి.

వారంటీ పోతుందనే మాటా, పోదనే మాటా రెండూ నిజమే. 1975 నాటి మాగ్నూసన్-మాస్ చట్టం ప్రకారం మీరు బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదు, ఆ పార్టు వల్లే చెడిందని చూపాలి. కానీ బూస్ట్ పెట్టిన ఇంజిన్‌లో రాడ్ విరిగితే అది చూపడం వాళ్లకు ఎంతసేపు? ఇన్సూరెన్స్‌కు మార్పులు ముందే చెప్పాలి, దాచిపెట్టి ప్రమాదం జరిగాక బయటపడితే ఆ టెన్షన్ ఏ హెచ్‌పీకీ సరిపోదు.

ఇండియాలో ఈ కారును కంపెనీ అమ్మలేదు. కానీ హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి తమ్ముళ్లు టర్బో పెట్రోల్ కార్లకు రీమ్యాప్ (ఈసీయూ ట్యూన్) గురించి నన్ను అడుగుతుంటారు. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నవాటికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. యంత్రం వైపు నుంచి చూస్తే, టర్బో కారులో లాప్‌టాప్ పెట్టి టార్క్ పెంచడం నిజంగా సులువు, అందుకే ప్రమాదం. స్కోడా సూపర్బ్ 1.8 పెట్రోల్ గుర్తుందా? ఇండియాలో అదే 180 పీఎస్ (దాదాపు హెచ్‌పీయే) ఇంజిన్, మాన్యువల్‌లో 320 న్యూటన్ మీటర్లు, డీఎస్‌జీ ఆటోమేటిక్‌లో 250. ఆ డీక్యూ200 డ్రై క్లచ్ గేర్‌బాక్స్ మోయగలిగేది 250 కాబట్టి, కంపెనీయే ఇంజిన్‌ను ఆపి ఉంచింది. అలాంటి గేర్‌బాక్స్ మీద రీమ్యాప్ చేయించేవాళ్లు ఇంజిన్ మంచిదేనని ధైర్యం చెప్పుకుంటారు. ఇంజిన్ నిజంగానే మంచిది. బిల్లు వచ్చేది గేర్‌బాక్స్‌కు.

చివరికి నేనేం చేశానో చెబుతాను. ముందు టైర్లు, ప్యాడ్లు మార్చాను. తర్వాత ఒక 2017 మాన్యువల్ కారు నుంచి తీసిన మొత్తం డిఫరెన్షియల్ కొని వేయించాను. గేర్లు విడిగా కొని పాత దాంట్లో అమర్చితే పళ్ల మధ్య సందు సరిగ్గా పెట్టడం అందరు మెకానిక్‌ల వల్లా కాదు, పెట్టకపోతే ఏడుపు శబ్దం వస్తుంది. సిక్స్త్ గేర్‌లో 70 మైళ్ల దగ్గర ఇంతకుముందు 3,000 చూపించేది, ఇప్పుడు 3,150 చూపిస్తోంది. హైవే మీద చెవికి తెలుస్తుంది, మైలేజీ కాస్త తగ్గింది. ర్యాంప్ మీద గొయ్యి ఇంకా ఉంది, కానీ దాన్ని త్వరగా దాటిపోతోంది. దానికి తోడు, ముందే సెకండ్‌కు దించి 5,000 దగ్గర నుంచి తొక్కే అలవాటు చేసుకున్నాను. సూపర్‌చార్జర్ కోసం దాచిన డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. పెట్టిస్తే రెండు రోటర్లదే, తక్కువ బూస్ట్‌తో. వచ్చే ఆగస్టులో అలాంటి కారున్న మిత్రుడి బండిని సాయంత్రం ఐదింటి ట్రాఫిక్‌లో అరగంట నడిపి, ఆ వేడిలో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత ఎంత చూపిస్తుందో కళ్లారా చూశాకే ఆర్డర్ చేస్తాను.